చెక్కా చప్పుడూ: పాత స్పీకర్ పెట్టెల పాలిష్ మీద మీ ఉత్తరాలు

పోయిన నెల పాత స్పీకర్ల కోన్లు (శబ్దం పుట్టించే గరాటులు), వైరింగ్ గురించి రాస్తే, వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా లోపలి సంగతి వదిలేసి పైనున్న చెక్క గురించే అడిగాయి. తప్పేం లేదు, హాల్లో రోజూ కంటికి కనిపించేది అదే కదా. విజయనగరంలో చాలా ఏళ్లుగా నా పని కూడా ఎక్కువగా దాంతోనే. అందుకే ఈసారి పేజీ మొత్తం చెక్కకే ఇచ్చేశాను.

ప్రశ్న: మాస్టారూ, మా నాన్నగారు ఓడలో పనిచేసే రోజుల్లో, 1970లలో, ఒక జత వార్ఫ్‌డేల్ స్పీకర్లు తెచ్చారు. ఆయన పోయాక మేడమీద గదిలో పడేశాం. మొన్న దించి చూస్తే చెక్క నల్లగా, జిగటగా, మబ్బు పట్టినట్టు ఉంది. వడ్రంగిని పిలిస్తే "మొత్తం గీకేసి మెలమైన్ కొట్టేద్దాం, అద్దంలా మెరుస్తుంది" అంటున్నాడు. గీకించమంటారా?
– పాలకొండ రోడ్డు, శ్రీకాకుళం

జవాబు: ఆ వడ్రంగికి టీ ఇచ్చి, ఓ రెండు వారాలు ఆగమని చెప్పండి. మెలమైన్ మంచిదే, తలుపులకీ డైనింగ్ టేబుళ్లకీ. మీ పెట్టె తలుపు లాంటిది కాదండీ. బయటికి టేకులానో వాల్‌నట్‌లానో కనిపిస్తున్నది, లోపల ప్లైవుడ్ మీదో, రంపపు పొట్టు అదిమి చేసిన బోర్డు మీదో అతికించిన పలచటి చెక్క రేకు. వెనీర్ అంటాం. చాలావాటి మీద దాని మందం మిల్లీమీటరు కూడా ఉండదు. దాని మీద మిషన్ పెట్టి గీకితే మూలల దగ్గర వెనీర్ ఎప్పుడు అయిపోయిందో చేతికి తెలియను కూడా తెలియదు. ఇది ఎవరో చెబితే విన్నది కాదు, నేను చేసిన నిర్వాకమే. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక పెద్దాయన రేడియోగ్రామ్ మూత మీద మరక పోవడం లేదని అక్కడక్కడే గరుకు కాగితంతో రుద్దుతూ కూర్చున్నాను, మరక పోయింది, దాంతోపాటు వెనీరూ పోయి అరచెయ్యంత పాలిపోయిన మచ్చ బయటపడింది. కింద ఉన్న ప్లైవుడ్ అది. ఆయన ఒక్క మాట అనలేదు, దాని మీద పూలకుండీ పెట్టుకున్నారు. తర్వాత ఎన్నిసార్లు వాళ్లింటికి వెళ్లినా ఆ కుండీ జరపమని నేను అడగలేదు, ఆయనా జరపలేదు.

కాబట్టి ముందు కడుగుదాం. మీరు నలుపు అంటున్నదాంట్లో ఎక్కువ భాగం చెక్కది కాదు, ఏళ్ల తరబడి పట్టిన అగరుబత్తి పొగ, పోపు పొగ, చేతుల జిడ్డు. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, పాత బనియన్ గుడ్డ ముంచి, చుక్క కారకుండా గట్టిగా పిండండి. జానెడు చోటు తుడవడం, వెంటనే పొడిగుడ్డతో తడి తీసెయ్యడం, మళ్లీ పక్క జానెడు. నీళ్లు అతుకుల్లోకి దిగకూడదు, అంతే జాగ్రత్త. మర్నాడు ఇంకో గుడ్డకి టర్పెంటైన్ అద్ది తుడవండి, అది జిడ్డునీ పాత మైనాన్నీ తీస్తుంది, కింద ఉన్న పాలిష్ జోలికి పోదు. గుడ్డ డికాక్షన్ రంగుకి తిరుగుతుంది, మార్చుకుంటూ పొండి. గుడ్డ తెల్లగా వచ్చేసరికి చాలామంది "ఇంక పాలిష్ ఎందుకండీ" అని ఫోన్ చేస్తారు. నిజంగానే అక్కర్లేకపోవచ్చు. మైనం ఒక పూత వేసి ఊరుకోవచ్చు.

అప్పటికీ మబ్బు పోకపోతే, ఆ పాత పూత ఏమిటో తేల్చుకోవాలి. వెనకవైపు కింది మూల, ఎవరికీ కనిపించని చోట చూసుకోండి. ముందు ఒక చుక్క అవిసె నూనె వెయ్యండి. చెక్క పీల్చేసుకుంటే పైన పొర ఏమీ లేనట్టు, నూనె పెట్టి వదిలేసిన చెక్క అన్నమాట, డెన్మార్క్ టేకు పెట్టెలు చాలావరకు ఇలాగే ఉంటాయి. పీల్చుకోకపోతే, దూదికి స్పిరిట్ అద్ది అర నిమిషం రుద్దండి. పూత జిగటగా అయ్యి దూదికి గోధుమరంగు అంటితే అది లక్క పాలిష్. స్పిరిట్‌కి చలించకుండా థిన్నర్‌కి మెత్తబడితే నైట్రోసెల్యులోజ్ లాకర్, అంటే బ్యాంకు లాకర్ కాదు, ఫ్యాక్టరీల్లో స్ప్రే కొట్టే పూత, 1950, 60లలో వచ్చిన పెట్టెల మీద ఇదే ఎక్కువ. రెండింటికీ లొంగకపోతే ఎవరో మధ్యలో వార్నిషో మెలమైనో పాలీయురేథేనో (పీయూ) కొట్టించారని అర్థం.

లక్క అయితే మీ అదృష్టం. పాత లక్క ఎన్నేళ్లయినా స్పిరిట్ తగిలితే మళ్లీ కరుగుతుంది, గీకాల్సిన పనే లేదు. మెత్తటి బ్రష్‌ని స్పిరిట్‌లో ముంచి, అందులో కాస్త లక్క కలిపి, ఒక్కో వైపు ఒక్కసారే, చెక్క గీతల వెంట, తిరిగి చూడకుండా లాగేయండి. పగుళ్లు కరిగి వాటంతటవే కలుసుకుంటాయి. వెళ్లిన చోటికే మళ్లీ వెళ్లారా, బ్రష్‌తో పాటు పూత లేచి వస్తుంది. ఒక రోజు ఆరనివ్వండి.

ఆ తర్వాతే అసలు పాలిష్. లక్క రేకులు పెయింట్ షాపుల్లో దొరుకుతాయి, లీటరు స్పిరిట్‌కి నూట యాభై గ్రాముల లెక్కన గాజు సీసాలో రాత్రంతా నానబెట్టి, పొద్దున్న పలచటి గుడ్డతో వడకట్టండి. ఇనుప డబ్బాలో మాత్రం వద్దు, లక్క నల్లబడుతుంది. కలిపింది ఆరు నెలలు దాటితే గాజు ముక్క మీద చుక్క వేసి చూడండి, గట్టిపడకుండా బంకలా ఉండిపోతే పారేయండి. నిమ్మకాయంత దూది ఉండని పాత పంచె గుడ్డలో చుట్టి, కింద ముడత లేకుండా మెలిపెట్టి పట్టుకోండి. లక్క గుడ్డ మీద కాదు, లోపలి దూది మీద పొయ్యాలి, ఒత్తితే గుడ్డలోంచి చెమట పట్టినంతగా ఊరాలి. గుడ్డ అడుగున ఒక్క చుక్క అవిసె నూనె, చెక్కకి పట్టెయ్యకుండా. ఇక కదులుతూనే పెట్టె మీదకి దిగాలి, కదులుతూనే లేవాలి, మధ్యలో ఆగితే ఆగిన చోట గుడ్డ ముద్ర పడిపోతుంది. ముందు గుండ్రంగా, తర్వాత ఎనిమిది అంకె తిప్పినట్టు, చివర్న చెక్క గీతల వెంట. మొదటి రోజు ఏమీ మెరవదు. కంగారు పడకండి, మూడో రోజుకి మెల్లగా లోపల్నించి వెలుతురు వస్తున్నట్టు మొదలవుతుంది.

లాకర్ అని తేలితే థిన్నర్‌తో బ్రష్ ప్రయోగాలు మీరు చెయ్యొద్దు, స్ప్రే చేసేవాళ్లకి ఇవ్వండి, లేదా మైనంతో సరిపెట్టండి. నూనె చెక్క అయితే అవిసె నూనె పలచగా రాసి, పావుగంట ఆగి, మిగిలిందంతా తుడిచేయండి. ఒక్క హెచ్చరిక, నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా ఉన్న గుడ్డ అగ్గిపుల్ల లేకుండానే అంటుకోగలదు. తాడు మీద విడివిడిగా ఆరేసి, బాగా ఆరాక నీళ్లలో ముంచి పారేయండి.

ప్రశ్న: మా తాత ఇంటి గుమ్మాలకి చెదలు పట్టకుండా జీడి నూనె పూసేవాడు. ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. స్పీకర్ పెట్టెకి పూస్తే ఏటవుతుంది?
– పలాస

జవాబు: చెదలు మాత్రం రావు. మీ చేతులకి బొబ్బలు వస్తాయి. జీడి పిక్క పెంకులోంచి వచ్చే నూనె అది, పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు చూసిన పలాస మనిషికి నేను చెప్పేదేముంది. పైగా ముదురు గోధుమ రంగు, ఆరడానికి చాలా రోజులు పడుతుంది, ఒకసారి చెక్కలోకి దిగితే కింద టేకు ఉందో రోజ్‌వుడ్ ఉందో ఇంకెవరికీ తెలియదు. వార్నిష్ ఫ్యాక్టరీలు దాన్ని వాడతాయి నిజమే, కానీ అక్కడ శుద్ధి చేసి, కాచి, వేరే వాటితో కలిపాక. మీ తాతగారు గుమ్మానికి పూశారు, బాగా చేశారు. హాల్లో పిల్లలు చెయ్యి వేసే పెట్టెకి వద్దు. చెదల భయమే అయితే పెట్టెని నేల మీద కాకుండా నాలుగంగుళాల స్టాండు మీద, గోడకి కాస్త ఎడంగా పెట్టండి. చిన్న చిన్న కన్నాల్లోంచి పిండిలాంటి పొడి రాలుతుంటే అది చెద కాదు, పుచ్చు పురుగు. దానికి మందు వేరు, కన్నాల్లోకి సిరంజితో ఎక్కించాలి.

ప్రశ్న: 2018లో తిత్లీ తుఫానుకి ఇంట్లోకి నీళ్లు వచ్చి స్పీకర్ల అడుగు తడిసింది. ఇప్పుడు కింది బోర్డు పూరీలా ఉబ్బిపోయింది, పక్కల వెనీర్ లేచి చిటచిటమంటోంది. పాట మాత్రం ఇప్పటికీ బాగుంది, పారేయబుద్ధి కావడం లేదు.
– సోంపేట దగ్గర పల్లె

జవాబు: ఆ అక్టోబరు 11 తెల్లవారుజామున ఉద్దానంలో కొబ్బరి చెట్లే నిలబడలేదు, మీ స్పీకర్లు పాడుతున్నాయంటే గట్టివే. రెండు పనులున్నాయి. ఉబ్బింది పొట్టు బోర్డు, అది ఒకసారి నీళ్లు తాగి ఉబ్బితే ఎన్ని ఎండలు పెట్టినా వెనక్కి రాదు. బిగించి అదిమితే కాస్త తగ్గినట్టు కనిపిస్తుంది కానీ లోపల పట్టు పోయి ఉంటుంది, మరమేకు తిప్పితే పొడి రాలుతుంది. కింది పలక ఒక్కటీ కోయించి, అదే మందం మెరైన్ ప్లై (తేమకి ఆగే ప్లైవుడ్) వేయించండి. లోపలి కొలతలు పాతవాటితో అంగుళం కూడా తేడా రాకూడదని వడ్రంగికి గట్టిగా చెప్పండి, పెట్టె లోపల ఎంత గాలి పట్టాలో ఆ వూఫర్‌ని (బేస్ పలికే పెద్ద స్పీకరుని) బట్టి లెక్క కట్టి ఉంటారు, తేడా వస్తే బేస్ మారుతుంది.

వెనీర్ సంగతి. వేలితో తట్టి చూడండి, అతుక్కున్న చోట టక్ మంటుంది, లేచిన చోట డొల్లగా పలుకుతుంది. పెట్టె బాగా పాతదైతే సరేసుతో అతికించి ఉండొచ్చు, అది వేడికి మెత్తబడే జిగురు కాబట్టి తడిపి పిండిన గుడ్డ మీద ఇస్త్రీపెట్టె కాసేపు ఆనిస్తే మళ్లీ పట్టుకుంటుంది. వేడికి పైనున్న పాలిష్ తెల్లబడొచ్చు, అందుకే ఇదంతా పాలిష్ కంటే ముందే. ఇస్త్రీకి లొంగకపోతే, లేచిన చోట బ్లేడుతో చెక్క గీత వెంట సన్నగా గాటు పెట్టి, సిరంజితో నీళ్లు కలిపిన ఫెవికాల్ ఎక్కించి, గుడ్డతో అదిమి మిగిలింది బయటికి లాగి తుడిచి, పైన పాలిథిన్ కాగితం, దాని మీద చదునైన చెక్క, దాని మీద బరువు. నేను మా ఇంటి సన్నికల్లు పెడతాను. ఆ రోజు పచ్చడి మిక్సీలోనే.

ప్రశ్న: స్టీల్ పీచుతో రుద్దితే పాత పాలిష్ నున్నగా వస్తుందని ఎవరో చెప్పారు. అలాగే మా స్పీకర్ మీద గ్లాసులు పెట్టిన గుండ్రాలు ఉన్నాయి, కొన్ని తెల్లవి, కొన్ని నల్లవి. తేడా ఏమిటి?
– గాజులరేగ, విజయనగరం

జవాబు: స్టీల్ పీచు అల్మరాకైతే సరే. స్పీకర్ వెనక పెద్ద అయస్కాంతం ఉంటుందని మర్చిపోకండి. మీరు రుద్దుతుంటే రాలే ఇనుప నలుసులన్నీ నేరుగా అక్కడికే ఎగురుతాయి, వాయిస్ కాయిల్ (కోన్‌ని కదిపే తీగచుట్ట) తిరుగాడే సందు మిల్లీమీటరు కంటే సన్నం, అందులో ఒక్క నలుసు ఇరుక్కున్నా పాట మధ్యలో బరబర మొదలవుతుంది, ఇక ఏ గాలి ఊదినా రాదు. ఒక స్పీకరు ఇలాగే నా దగ్గరికి వచ్చింది, కోన్ మీద డస్ట్ క్యాప్ కోసి చూస్తే లోపల చిన్న ముళ్లపంది. గరుకు కాగితం వాడినా సరే, ముందు స్పీకర్లు విప్పి తీసెయ్యండి, కనీసం పాలిథిన్‌తో మూసి చుట్టూ టేపు వేయండి.

తెల్ల గుండ్రం పాలిష్‌లో చిక్కుకున్న తేమ, చెక్క దాకా పోలేదు. లక్క అయితే గుడ్డకి స్పిరిట్ ఉందా లేదా అన్నంత తడి చేసి గాలి తగిలినట్టు రెండు సార్లు పోనిస్తే చాలా వరకు పోతుంది. నల్ల గుండ్రం అలాంటిది కాదు, నీళ్లు చెక్క దాకా దిగి, చెక్కలో ఉండే వగరు గుణం ఇనుముతో కలిసి సిరాలా మారింది. దానికి ఆక్సాలిక్ ఆమ్లం ఉంది, కానీ పాలిష్ అంతా తీసిన ఒట్టి చెక్క మీదే పని చేస్తుంది, విషం, గ్లౌజులూ మాస్కూ లేకుండా ముట్టుకోకూడదు. చిన్న మచ్చ అయితే ఉండనివ్వమంటాను నేను.

ప్రశ్న: మా దగ్గర వీణలు పనస కర్రతో చేస్తారు, ఆ కర్రకి నాదం ఉంటుందంటారు. పాత స్పీకర్ పెట్టె పాడైపోతే పనస కర్రతో కొత్తది చేయించుకోవచ్చా? అలాగే పాలిష్ మారిస్తే సౌండు మారుతుందా?
– బొబ్బిలి

జవాబు: 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊళ్లో కూర్చుని బొబ్బిలి వీణకి ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు గానీ, ఈ రెండు పెట్టెల పని పూర్తిగా ఎదురుబొదురు. వీణ కుండ తీగతో పాటు మోగాలి, మోగకపోతే దానికి విలువే లేదు. స్పీకర్ పెట్టె అస్సలు మోగకూడదు. మోగేది కోన్ ఒక్కటే, పెట్టె కూడా వంత పాడితే ఘంటసాల గొంతుకి పక్కన ఇంకో గొంతు తగులుకున్నట్టు ఉంటుంది. వార్ఫ్‌డేల్ కంపెనీని 1932లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో మొదలుపెట్టిన గిల్బర్ట్ బ్రిగ్స్ అనే ఆయన, పెట్టె మోగకూడదని రెండు ప్లైవుడ్ పలకల మధ్య ఇసుక పోయించాడు. అచ్చంగా ఇసుకే. పాలకొండ రోడ్డు పాఠకుడు కూడా ఇది వింటే మంచిది, మీ పెట్టె అనుమానం వచ్చేంత బరువుంటే దానికి ఎక్కడా కొత్త కన్నం పెట్టకండి, హాలంతా ఇసుక.

ఇంకోటి, మన దగ్గర ఆషాఢంలో చెక్క ఉబ్బుతుంది, మాఘంలో కుంచించుకుంటుంది. నిండు చెక్కతో వెడల్పాటి పలకలు చేయిస్తే నాలుగేళ్లకి అతుకులు విచ్చుకుంటాయి. మూసి ఉండే పెట్టె స్పీకర్లకి అది మరీ ప్రమాదం, వాటిలో వూఫర్ వెనక బిగించిన గాలే స్ప్రింగులా పనిచేస్తుంది, సందులోంచి గాలి పోతే బేస్ పోయినట్టే. కాబట్టి ప్లై వేయించి, పైన పనస వెనీర్ దొరికితే అతికించుకోండి, ఆ పసుపు రంగు ఏళ్లు గడిచేకొద్దీ తేనె రంగుకి తిరుగుతుంటే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. పాలిష్ వల్ల సౌండు మారదు. మారిందని ఎవరైనా అంటే, కష్టపడి రుద్దిన చేతులు అలా అనిపిస్తాయి, వాదించకండి.

ప్రశ్న: ముందు జాలీ గుడ్డ చిరిగిపోయింది. పొందూరు ఖద్దరు వేస్తే బాగుంటుందా?
– ఆమదాలవలస

జవాబు: అందం సంగతి అడగక్కర్లేదు. సౌండు సంగతికి మాత్రం ఒకటే పరీక్ష, గుడ్డని నోటికి ఆనించి ఊదండి, అవతల పెట్టిన అరచేతికి గాలి అడ్డు లేకుండా తగలాలి. పొందూరు సన్న నూలు నేత దగ్గరగా ఉంటే గాలి ఆగుతుంది, గాలి ఆగితే ముందు పోయేది తాళాల మోత, మంజీరా, పళ్లెం దెబ్బ లాంటి సన్న శబ్దాలే. పలచటి నేత ఎంచుకోండి. ఒకసారి ఉతికి, కుంచించుకోనిచ్చి, తర్వాత చట్రానికి బిగించండి, లేకపోతే మొదటి వానాకాలానికే బిగువు చెడుతుంది. కొత్త పంచె కోసేయకండి, ఇంట్లో ఎవరో ఒకరు తిడతారు.

ప్రశ్న: మాది వెనీరా, స్టిక్కరా? ఎలా తెలుస్తుంది?
– చీపురుపల్లి

జవాబు: పక్క పలకల మీద ఒకే ముడి మచ్చ రెండు చోట్ల అచ్చుగుద్దినట్టు కనిపిస్తే స్టిక్కరే. వెనక అంచు దగ్గర గోటితో లేపితే ప్లాస్టిక్ సాగుతుంది. సబ్బు నీళ్లతో తుడుచుకోండి, స్పిరిట్, థిన్నర్ దగ్గరికి రానివ్వకండి. దానికి పాలిష్ పట్టదు.

ప్రశ్న: వానాకాలంలో లక్క పాలిష్ వేస్తే తెల్లగా పొగ పట్టినట్టు అయింది. ఎందుకు? అసలు వేశాక ఎన్నాళ్లకి వాడొచ్చు?
– కళింగపట్నం

జవాబు: సముద్రం పక్కన కూర్చుని శ్రావణంలో స్పిరిట్ పాలిష్ వేశారు, మీ ధైర్యానికి దండం. స్పిరిట్ ఆవిరయ్యేటప్పుడు చెక్క పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద చెమ్మలా పేరుకుని పూతలోనే చిక్కుకుంటుంది. అదే మీ పొగ. గాలి పొడిగా ఉన్న రోజు ఉత్త స్పిరిట్‌తో పలచగా ఒక చుట్టు తిప్పితే తేమ వదిలి పోతుంది. మన జిల్లాల్లో ఈ పనికి సంక్రాంతి వెళ్లాక నెల, నెలన్నర మంచి రోజులు. పొద్దున్న మంచు విడిచాక మొదలుపెట్టి సాయంత్రం చలిగాలి రాకముందు ఆపేయండి.

చేతికి అంటకుండా ఆరడం గంటలో అయిపోతుంది, గట్టిపడటం వేరు. కనీసం రెండు వారాలు దాని మీద ఏమీ పెట్టకండి, గ్లాసు కాదు, రిమోట్ కాదు, కాగితం కూడా వద్దు. నా సొంత స్పీకర్ మీద నాలుగో రోజే ఆదివారం పేపరు పెట్టి మర్చిపోయాను. పేపరు ఊడొచ్చింది, సిరా ఉండిపోయింది. ఇప్పటికీ అద్దం పట్టుకుంటే ఆ వారం సగం రాశిఫలాలు చదువుకోవచ్చు.